మీ ల్యాబ్రడార్ ఎందుకు లావెక్కింది? ఇంటి లెక్కలు తీద్దాం

"మేం పెట్టేది తక్కువేనండీ, అయినా ఎందుకో లావెక్కిపోతోంది." బరువు పెరిగిన కుక్కతో పశువైద్యుడి దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అనే మాట ఇదే. అందులో అబద్ధమేమీ లేదు. గిన్నెలో వేసేది నిజంగానే తక్కువ. గిన్నె బయట దాని నోట్లో పడేదాన్ని మాత్రం ఎవరూ తిండి కింద లెక్కెయ్యరు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఓ అపార్ట్‌మెంట్‌లో ఆరేళ్ల ఆడ ల్యాబ్రడార్ ఉందనుకుందాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. బరువు 40 కేజీలు. దాని రోజు ఇలా గడుస్తుంది. పొద్దున్నే తాతగారి కాఫీ వేళకి ఓ గ్లాసుడు టోన్డ్ పాలు (120 క్యాలరీలు), నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు (90). తొమ్మిదింటికి ప్యాకెట్ డ్రై ఫుడ్ 150 గ్రాములు (540), దానిమీద ఉడికించిన గుడ్డు ఒకటి (75). మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక పెరుగన్నం: అన్నం 200 గ్రాములు, పెరుగు 100 గ్రాములు (320). సాయంత్రం కిందికి దిగితే వాచ్‌మన్ రెండు బిస్కెట్లు, పిల్లలు రెండు (90). రాత్రికి రెండు చపాతీలు, పైన చెంచాడు నెయ్యి (265). మొత్తం 1,500 క్యాలరీలు.

ఈ కుక్క బరువు తగ్గాలంటే రోజుకి 920 దాటకూడదు. ఆ అంకె ఎలా వస్తుందో తర్వాత చూద్దాం. ముందు ఇంకో విషయం గమనించండి. ఇంట్లో అందరూ "కుక్క తిండి" అనుకునే డ్రై ఫుడ్ వాటా 540 మాత్రమే. పాలు, బిస్కెట్లు, గుడ్డు, పెరుగన్నం, చపాతీలు కలిపితే 960. అంటే డ్రై ఫుడ్ మొత్తం మానేసినా సరే, ఈ కుక్క తిండి 920 దాటుతుంది. డ్రై ఫుడ్ ఓ గుప్పెడు తగ్గించి, నెలరోజులు చూసి, "దీని ఒళ్లే అంత" అని వదిలేసే ఇళ్లలో జరుగుతున్నది ఇదే.

చిన్న కుక్కల విషయంలో లెక్క ఇంకా దారుణంగా ఉంటుంది. ఆరు కేజీలు ఉండాల్సిన పామేరియన్‌కి తగ్గే దశలో రోజుకి దక్కేది సుమారు 270 క్యాలరీలు. ఒక గ్లూకోజ్ బిస్కెట్ 20 నుంచి 25. "రెండు బిస్కెట్లకేమవుతుంది" అంటే, దాని రోజు తిండిలో దాదాపు ఆరో వంతు అయిపోతుంది.

చేత్తో తడిమి చూడండి

కుక్క లావా కాదా అన్నది కంటికంటే చేతికి బాగా తెలుస్తుంది, అందులోనూ బొచ్చు కుక్కలకి. ఎడమచేతిని బల్లమీద బోర్లా చాపి, వేళ్ల కణుపుల వెనక, చేతి వెనక భాగంమీద కుడిచేతి వేళ్లతో తడమండి. పలచటి చర్మం కింద ఎముకలు తగులుతాయి. కుక్క పక్కటెముకలు ఇలా తగిలితే బరువు సరిగ్గా ఉన్నట్టు. ఇప్పుడు చెయ్యి తిప్పి అరచేతిమీద అలాగే తడమండి. ఎముక ఉందని తెలుస్తుంది కానీ గట్టిగా నొక్కితే తప్ప దొరకదు. పక్కటెముకలు ఇలా ఉంటే కొవ్వు పట్టినట్టు. పిడికిలి బిగించి కణుపుల మీద తడిమితే ఎలా ఉంటుందో అలా తగిలితే కుక్క బక్కచిక్కి ఉన్నట్టు.

తర్వాత కుక్కని నిలబెట్టి పైనుంచి చూడండి. పక్కటెముకలు దాటాక నడుము దగ్గర కొంచెం లోపలికి రావాలి. పక్కనుంచి చూస్తే ఛాతీ కంటే పొట్ట పైకి ఉండాలి. పశువైద్యులు దీన్ని 1 నుంచి 9 దాకా స్కోరు వేస్తారు. 4, 5 సరైనవి. 5 దాటాక ఒక్కో అంకెకి సుమారు 10 శాతం అదనపు బరువు అని లెక్క. నడుము కనబడక, పక్కటెముకలు గట్టిగా నొక్కితేగాని తగలక, తోక మొదట్లో మెత్తగా కొవ్వు చేరిన కుక్కకి 8 పడుతుంది. మన ల్యాబ్రడార్ అదే.

ఒక హెచ్చరిక. పొట్ట పెద్దదై, పక్కటెముకలు మాత్రం సన్నగా చేతికి తగులుతుంటే అది కొవ్వు కాకపోవచ్చు. గుండె, కాలేయం జబ్బుల్లో పొట్టలో నీరు చేరుతుంది. ఆపరేషన్ కాని ఆడకుక్కకి గర్భసంచిలో చీము పట్టినా పొట్ట ఉబ్బుతుంది. ఇలాంటప్పుడు డైటింగ్ కాదు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. తిండి తక్కువైనా లావెక్కుతూ, మందకొడిగా ఉండి, రెండు పక్కలా, తోకమీదా జుట్టు పలచబడితే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. నీళ్లు విపరీతంగా తాగి, మాటిమాటికీ మూత్రానికి వెళ్తూ, పొట్ట జారి ఉంటే కుషింగ్స్ జబ్బు (ఒంట్లో స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువయ్యే జబ్బు) కావచ్చు. దురదలకి ఇచ్చే ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు, మూర్ఛకి ఇచ్చే ఫినోబార్బిటాల్ ఆకలిని బాగా పెంచుతాయి. అవి వాడుతుంటే డాక్టర్‌కి చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలోనూ, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలోనూ పశువైద్య కళాశాలలు ఉన్నాయి. దగ్గర్లో మంచి క్లినిక్ లేనివాళ్లు అక్కడ కనుక్కోవచ్చు.

ల్యాబ్రడార్లకే ఎందుకింత ఆకలి

ల్యాబ్‌ని పెంచినవాళ్లకి దాని ఆకలి గురించి చెప్పక్కర్లేదు. ఇప్పుడే తిన్నది కూడా మళ్లీ వచ్చి పస్తున్నట్టు చూస్తుంది. అందులో కొంత నటన కాదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఎలినార్ రాఫాన్ బృందం 2016లో దీనికి ఒక కారణం కనిపెట్టింది. "కడుపు నిండింది, ఇక చాలు" అని మెదడుకి చెప్పే వ్యవస్థలో పీఓఎంసీ అనే జన్యువు పనిచేస్తుంది. సుమారు నాలుగో వంతు ల్యాబ్రడార్లలో ఈ జన్యువులో చిన్న ముక్క లోపించి ఉంది. 2024లో అదే బృందం ఇంకో సంగతి చెప్పింది. ఈ లోపం ఉన్న కుక్కలకి రెండు పూటల మధ్య ఆకలి ఎక్కువ, పైగా అవి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చుపెట్టే శక్తి దాదాపు 25 శాతం తక్కువ. రెండు వైపులా దెబ్బే. అలాంటి కుక్క సన్నబడలేదా అంటే, సన్నబడుతుంది. యజమానికి మాత్రం పక్కింటివాళ్ల కంటే ఎక్కువ ఓపిక కావాలి.

ఆపరేషన్ సంగతీ చెప్పాలి. ఆపరేషన్ అయ్యాక శరీరానికి కావలసిన శక్తి 20 నుంచి 30 శాతం తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఆపరేషన్ మానుకోవాల్సిన పనిలేదు. కుట్లు విప్పిన వారమే గిన్నెలో కొలత తగ్గించాలి. ఇది చెప్పకుండా పంపించే చోట్లు బోలెడు.

బొద్దుగా ఉంటే ముచ్చటగా ఉంటుందనుకునేవాళ్ల కోసం ఒక్క లెక్క. అమెరికాలో 48 ల్యాబ్రడార్లని ఒకే ఈత పిల్లల్ని జతలుగా చేసి, జతలో ఒకదానికి రెండోదాని కంటే 25 శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం గమనించారు. ఫలితాలు 2002లో వెలువడ్డాయి. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2. కీళ్లనొప్పులు కూడా తక్కువ తిన్నవాటికి చాలా ఆలస్యంగా మొదలయ్యాయి. ఎక్కువ తిన్న గుంపు కూడా మన వీధుల్లో కనిపించే గుమ్మటాల్లా ఏమీ లేదు, ఓ మోస్తరు లావే.

920 ఎక్కడిది

లెక్క ఇప్పటి బరువు మీద కాదు, ఉండాల్సిన బరువు మీద వెయ్యాలి. స్కోరు 8 అంటే 30 శాతం అదనం. 40ని 1.3తో భాగిస్తే 30.8, అంటే సుమారు 31 కేజీలు. ఇది తొలి అంచనా మాత్రమే. 34 దగ్గర, 32 దగ్గర మళ్లీ పక్కటెముకలు తడిమి సరిచేసుకోవాలి.

ఇక ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ తియ్యండి. 31 × 31 × 31 కొడితే 29,791. దానికి వర్గమూలం నొక్కితే 172.6. మళ్లీ వర్గమూలం నొక్కితే 13.14. దాన్ని 70తో గుణిస్తే 920. ఆ బరువున్న కుక్క కదలకుండా పడుకున్నా శరీరం నడవడానికి ఖర్చయ్యే శక్తి ఇది. బరువు తగ్గించేటప్పుడు చాలామంది డాక్టర్లు ఇక్కణ్నుంచే మొదలుపెడతారు. ఏ కుక్కకైనా ఇదే దారి: ఉండాల్సిన బరువుని ఇలా మూడుసార్లు వేసి గుణించి, రెండుసార్లు వర్గమూలం తీసి, 70తో గుణించడం.

ప్యాకెట్ వెనక పట్టికలో ఇచ్చే కొలతల్ని గుడ్డిగా నమ్మకండి. అవి రోజంతా తిరిగే మామూలు కుక్కల కోసం రాసినవి. జనం అందులో ఇప్పటి లావు బరువు ఎదురుగా ఉన్న గ్రాములు చూసుకుని పెడతారు. 40 కేజీల వరసలో చూస్తే 40 కేజీల కుక్కే తయారవుతుంది.

ప్యాకెట్ మీద కేజీకి ఎన్ని క్యాలరీలో ఉంటే సరే. లేకపోతే మీరే కట్టుకోవచ్చు. ఉదాహరణకి ప్రోటీన్ 24 శాతం, కొవ్వు 12, పీచు 4, తేమ 10 అని ఉందనుకోండి. బూడిద అంటే ఖనిజాలు 8 అనుకుందాం. వందలోంచి ఇవన్నీ తీసేస్తే 42, అది పిండిపదార్థం. ప్రోటీన్‌ని 3.5తో, కొవ్వుని 8.5తో, పిండిపదార్థాన్ని 3.5తో గుణించండి: 84, 102, 147. మొత్తం వంద గ్రాములకి 333 క్యాలరీలు.

ఏం పెట్టాలి, ఏం తియ్యాలి

920లో పదో వంతు, అంటే 90 చిల్లర చిరుతిళ్లకి వదలండి. మిగతా 830 అసలు తిండి. వంద గ్రాములకి 300 క్యాలరీలుండే బరువు తగ్గించే ప్రత్యేక ఫుడ్ అయితే రోజుకి 275 గ్రాములు. 360 ఉండే మామూలు ఫుడ్ అయితే 230 గ్రాములే. పెట్టే పరిమాణంలోనే కాదు, ఇంకో తేడా కూడా ఉంది. మామూలు ఫుడ్‌లో ప్రోటీన్, విటమిన్లు, ఖనిజాలు మామూలు మోతాదులో తినే కుక్కకి సరిపోయేలా కలుపుతారు. దాన్ని బాగా కోసేస్తే క్యాలరీలతో పాటు అవీ తగ్గిపోతాయి, కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. తగ్గాల్సింది ఒకటి రెండు కేజీలైతే మామూలు ఫుడ్ కొంచెం తగ్గించి లాక్కురావచ్చు. తొమ్మిది కేజీలు తగ్గాల్సిన కుక్కకి ప్రోటీన్, పీచు ఎక్కువుండే ప్రత్యేక ఫుడ్ కొనడమే మంచిది. ధర ఎక్కువే. పాలు, బిస్కెట్లు, నెయ్యి మీద మిగిలేది అందులో కలుపుకోండి.

కొలతకి కప్పు వాడకండి. ఒకే కప్పుతో ఒకే మనిషి రెండుసార్లు కొలిచినా తేడా వస్తుంది, ఇక నలుగురు కొలిస్తే చెప్పక్కర్లేదు. వంటింట్లో గ్రాములు చూపించే చిన్న డిజిటల్ తూకం కొనండి. ఈ మొత్తం వ్యవహారంలో తప్పనిసరిగా కొనాల్సిన వస్తువు ఏదైనా ఉంటే అదొక్కటే.

ఇంటి వంట పెట్టేవాళ్లకి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన ఊళ్లలో బాగా నడిచే పద్ధతి చికెన్ కొట్టు నుంచి తోలు, కాళ్లు, మెడలు తెచ్చి అన్నంతో కలిపి ఉడకబెట్టడం. చవగ్గా అవుతుంది, కుక్క గిన్నె నాకేస్తుంది. కానీ వంద గ్రాముల కోడి తోలులో 350కి పైనే క్యాలరీలు, దాదాపు అంతా కొవ్వే. తోలు తీసిన ఛాతీ మాంసం ఉడికించినా వందకి 165. తోలు మానేసి, ఉడికిన నీళ్లు చల్లారాక పైన తెట్టుకట్టిన కొవ్వు తీసేస్తేనే గిన్నెలో పెద్ద తేడా వస్తుంది. కొవ్వు తిండి లావుతో ఆగదు. లావు కుక్కల్లో క్లోమం వాచి వాంతులతో ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది.

మన ల్యాబ్‌కి ఇంటి వంటలో ఒక రోజు స్థూలంగా ఇలా ఉంటుంది: ఉడికించిన తోలులేని చికెన్ 300 గ్రాములు (495), అన్నం 150 గ్రాములు (195), బీన్స్, సొరకాయ, గుమ్మడి కలిపి ఉడికించినవి 200 గ్రాములు (సుమారు 50), గుడ్డు ఒకటి (75), చెంచాన్నర నూనె (65). మొత్తం 880, అంటే ఆ రోజు చిరుతిళ్లకి 40 మాత్రమే మిగులుతుంది. అన్నం తగ్గింది, మాంసం పెరిగింది, కూర గిన్నె నింపింది. సొరకాయ ముక్క ముందు నోట్లో వేసుకుని చూడండి, చేదుగా ఉంటే పారెయ్యండి. అయితే ఈ పళ్లెంలో కాల్షియం లేదు. జింక్, అయొడిన్, విటమిన్ డి, ఇ కూడా చాలవు. ఆరేడు నెలలు దీనిమీదే నడపాలంటే కాల్షియం, విటమిన్-ఖనిజాల పొడి ఏది, ఎంత అన్నది డాక్టర్ చేత రాయించుకోవాల్సిందే. మనుషుల మల్టీవిటమిన్ మాత్ర వెయ్యడం దీనికి సమాధానం కాదు.

మాంసం వండని ఇళ్లలో పనీర్ వైపు చూస్తారు. పనీర్‌లో కొవ్వు ఎక్కువ. గుడ్డు, మీల్‌మేకర్, పలచగా ఉడికించిన పెసరపప్పు మేలు. మీల్‌మేకర్ బాగా ఉడికించి, నీళ్లు పిండేసి, కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. లేకపోతే గ్యాస్‌తో ఇల్లు మీరే ఖాళీ చెయ్యాల్సి వస్తుంది. పూర్తి శాకాహారం పెట్టే ఇళ్లవాళ్లు ముందుగా డాక్టర్‌తో మాట్లాడక తప్పదు.

పెరుగన్నం మానిపించడమే అన్నింటికంటే కష్టం, ఎందుకంటే అది కుక్కకంటే ముందు ఇంటి పెద్దావిడకి అలవాటు. "నోరులేని జీవం, దాని నోరు కట్టేస్తారా" అంటుంది. ఆవిడతో వాదన పెట్టుకోవడం కంటే గిన్నె అలాగే ఉంచి లోపలి సరుకు మార్చడం తేలిక. ఉప్పు లేని పలచటి మజ్జిగ ఓ గ్లాసు, అందులో రెండు చెంచాల అన్నం, తురిమిన కీరదోస. 320 ఉన్నది 70, 80కి దిగుతుంది. కుక్క అదే ఆత్రంగా తాగుతుంది. ఆ 70, 80 చిరుతిళ్ల 90లోంచే పోవాలి సుమా.

చిరుతిళ్లకి కీరదోస, క్యారెట్, ఉడికించిన బీన్స్, గింజలు తీసిన పుచ్చకాయ, ఆపిల్ ముక్కలు బాగుంటాయి. ఉల్లి, వెల్లుల్లి పడిన సాంబారు, కూర గ్రేవీ, కిస్‌మిస్ వేసిన కేసరి, పరమాన్నం, ద్రాక్ష, చాక్లెట్, జైలిటాల్ కలిపిన షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్‌లు బరువుతో సంబంధం లేకుండా విషం లాంటివే. రోజూ మందు మాత్ర జామ్‌లోనో చీజ్‌లోనో పెట్టి మింగించేవాళ్లు ఆ క్యాలరీలు కూడా రాసుకోవాలి. వేలి కొనంత చికెన్ ముక్కలో పెట్టినా మాత్ర దిగుతుంది.

డబ్బా పద్ధతి

ఉమ్మడిగా పెంచే కుక్కకి ఎవరు ఎంత పెట్టారో రాసే పుస్తకాలు మూడోరోజుకి ఆగిపోతాయి. డబ్బా ఆగదు. పొద్దున్నే ఒకళ్లే ఆ రోజు మొత్తం తిండి, చిరుతిళ్లతో సహా తూచి ఓ స్టీలు డబ్బాలో వెయ్యాలి. తడి తిండి అయితే ఫ్రిజ్‌లో వేరే డబ్బా. ఇంట్లో ఎవరికి ఎప్పుడు కుక్కకి పెట్టాలనిపించినా ఆ డబ్బాలోంచే తియ్యాలి. తాతగారు పొద్దున నాలుగు డ్రై ఫుడ్ గింజలు తీసినా, పిల్లలు "షేక్‌హ్యాండ్" నేర్పడానికి పది తీసినా పర్వాలేదు. డబ్బా ఖాళీ అయితే రోజు అయిపోయినట్టు. కుక్కకి కావలసింది మనిషి చేతిలోంచి రావడం. అది బిస్కెటా, దాని రోజు తిండిలోని గింజేనా అన్నది చాలా కుక్కలు పట్టించుకోవు.

వాచ్‌మన్‌కి, కింద ఇంటివాళ్లకి, పనికొచ్చే ఆవిడకి కూడా చెప్పాలి. "పెట్టకండి" అంటే చాటుగా పెడతారు. ఓ చిన్న పొట్లం గింజలు వాళ్ల చేతికే ఇచ్చి "ఇవి పెట్టండి" అంటే సమస్య తీరుతుంది.

రోజు తిండిని రెండు పూటలు కాక మూడు, నాలుగు పూటలు చెయ్యండి. ఆత్రంగా మింగేసే కుక్కకి గిన్నెలో పొయ్యకుండా పాత బెడ్‌షీట్ మడతల్లోనో, ఇంటి ముందు శుభ్రమైన నేలమీదో చల్లండి. రెండు నిమిషాల్లో అయ్యే భోజనం పావుగంట పడుతుంది. రాత్రి భోజనాల వేళ బల్ల కింద చేరి మూలిగితే కోపగించుకోవద్దు, బతిమాలొద్దు, మాట్లాడొద్దు. మొదటి వారం మూలుగు ఎక్కువవుతుంది. సరిగ్గా అక్కడే "ఒక్క ముక్కే" అని ఇచ్చేస్తే, ఇంకా గట్టిగా మూలిగితే దొరుకుతుందని నేర్చుకుంటుంది. చేతకాకపోతే ఆ అరగంట వేరే గదిలో ఉంచండి, అది శిక్ష కాదు.

నడక

నడిపిస్తే కరిగిపోతుందన్నది చాలామంది నమ్మకం. అంకెలు వేరేగా చెబుతాయి. కుక్క నడిస్తే ఖర్చయ్యేది సుమారుగా కేజీ బరువుకి, కిలోమీటరుకి ఒక క్యాలరీ. 40 కేజీల కుక్క రెండు కిలోమీటర్లు నడిస్తే 80. అంటే తిరిగొచ్చాక వాచ్‌మన్ పెట్టే నాలుగు బిస్కెట్లు. బరువు తిండి దగ్గరే తగ్గుతుంది. నడక చేసే మేలు వేరు: తిండి తగ్గినా కండ కరగకుండా చూస్తుంది, కీళ్లు బిగుసుకోకుండా ఉంచుతుంది, తగ్గిన బరువు మళ్లీ ఎక్కకుండా ఆపుతుంది. పైగా విసుగుతో పుట్టే ఆకలి కూడా తగ్గుతుంది.

ఇన్నాళ్లూ సోఫా దిగని కుక్కని మొదటిరోజే గంట నడిపించొద్దు. రోజుకి రెండుసార్లు పది, పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ పూటకి అరగంట, నలభై నిమిషాలకి తీసుకురండి. వాసన చూస్తూ ఆగడం సరే, కానీ మధ్యలో ఐదేసి నిమిషాలు చురుగ్గా నడవాలి. మర్నాడు లేవడానికి బద్ధకిస్తే, వెనక కాలు కుంటితే నిన్నటి కొలత ఎక్కువైందని అర్థం. బంతి విసిరి గాల్లోకి ఎగిరించే ఆటలు, మెట్లమీద పరుగులు బరువు తగ్గేదాకా వద్దు. లావు ల్యాబ్‌లకి మోకాలి లిగమెంట్ తెగేది ఇలాంటి మలుపుల్లోనే. శుభ్రమైన కొలను, లోతు తెలిసిన నీళ్లు అందుబాటులో ఉంటే ఈత కీళ్లమీద భారం లేని మంచి వ్యాయామం. కాలవల్లో ప్రవాహం ఉన్నప్పుడు మాత్రం దించకండి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన దగ్గర ఎండే అసలు శత్రువు. కొవ్వు పొర ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదు, కుక్కకి మనలా చెమట పట్టదు, రొప్పడమే దాని దారి. ఉదయం ఆరున్నర లోపు ముగించాలి. రాత్రి తొమ్మిదికి గాలి చల్లబడినా తారురోడ్డు వేడిగానే ఉండొచ్చు. చేతి వెనక భాగాన్ని రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలకీ అది కాలుతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఈ మూడు నెలలూ బయట నడక దాదాపు మానేసి, ఫ్యాన్ కింద ఇంట్లోనే గింజలు దాచి వెతికించే ఆటలు ఆడించడం క్షేమం. పగ్‌లకీ, పామేరియన్‌లకీ మెడపట్టీ కాకుండా ఛాతీ పట్టీ వాడండి, ఊపిరి గొట్టం నొక్కుకోదు. నాలుక వెడల్పుగా సాగి, చిగుళ్లు బాగా ఎర్రబడి, తూలుతుంటే అది వడదెబ్బ. నీడకి తెచ్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, గాలి తగిలేలా ఉంచి, అలా తడుపుతూనే క్లినిక్‌కి తీసుకెళ్లాలి.

కాటా ఏం చెబుతోంది

వారానికోసారి, ఒకే రోజు, పొద్దున తిండికి ముందు, ఒకే తూకంమీద చూడండి. పెద్ద కుక్కకి క్లినిక్‌లోని నేల తూకం మంచిది. అది లేని ఊళ్లలో బియ్యం బస్తాలు తూచే కాటా చాలు. కొట్టు తెరిచే వేళకి వెళ్తే ఎవరూ కాదనరు. చిన్న కుక్కని ఎత్తుకుని బాత్రూమ్ తూకంమీద నిలబడి, మీ బరువు తీసేసే పద్ధతిలో ఓ చిక్కుంది. 8 కేజీల పామేరియన్ వారంలో ఒక శాతం తగ్గిందంటే 80 గ్రాములు. 100 గ్రాముల మెట్లలో చూపించే యంత్రానికి అది కనిపించదు. చిన్న కుక్కలకి పసిపిల్లల తూకం వాడండి, లేదా నెలకోసారి మాత్రమే పోల్చుకోండి.

వారానికి ఒక శాతం మంచి వేగం. మన ల్యాబ్‌కి అది 400 గ్రాములు. అర శాతమైనా ముందుకి పోతున్నట్టే. రెండు శాతం దాటితే కండ పోతోందన్నమాట, తిండి పది శాతం పెంచండి. తొమ్మిది కేజీలకి ఆరు నుంచి ఎనిమిది నెలలు పడుతుంది, సంక్రాంతికి మొదలుపెడితే వినాయక చవితి దాకా అనుకోండి. మధ్యలో పండగలుంటాయి, బంధువులొస్తారు. ఒక రోజు తప్పితే మర్నాడు పస్తు ఉంచకుండా మామూలు డబ్బాకి వచ్చెయ్యండి.

రెండు వారాలు ముల్లు కదలకపోతే వెంటనే తిండి కొయ్యకండి. ముందు ఇంటి లెక్క చూడండి. కొత్త సంచిలోని ఫుడ్ అదేనా, వేరే రకమా? ఎవరైనా ఊరినుంచి వచ్చారా? పిల్లి గిన్నె నేలమీద ఉందా? వీధికుక్కలకి పెట్టే అన్నంలో మనదీ వాటా తీసుకుంటోందా? అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు ఐదు నుంచి పది శాతం తగ్గించండి: 920 నుంచి 850కి. బరువు తగ్గేకొద్దీ శరీరం ఖర్చు కూడా తగ్గించుకుంటుంది, కాబట్టి ఈ ఆగిపోవడం ఒకటి రెండుసార్లు వస్తుంది. రెండుసార్లు తగ్గించినా కదలిక లేకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించండి.

మందుల దారి గురించి అడిగేవాళ్లుంటారు. 2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కుక్కల ఊబకాయానికి తొలి మందుగా డిర్లోటపైడ్‌ని అనుమతించింది. వాడినన్నాళ్లూ ఆకలి తగ్గేది, ఆపితే తిరిగొచ్చేది. తర్వాత అది మార్కెట్లోంచే పోయింది. మనుషులు వాడే బరువు తగ్గే ఇంజెక్షన్లు ఇంట్లో ఉన్నాయి కదా అని కుక్కకి పొడవకండి.

31కి చేరాక పాత గిన్నెకి వెళ్లకూడదు. లావు తగ్గిన కుక్కకి అదే బరువుమీద నిలవడానికి కావలసింది తగ్గేటప్పుడు తిన్నదానికంటే సుమారు పదో వంతే ఎక్కువ. చివరికి 850 మీద ఉన్న కుక్కకి 930 పెట్టి రెండు వారాలు చూడండి. ఇంకా తగ్గుతుంటే మరో 50 కలపండి. ముల్లు నిలిచిన చోట ఆగి, ఆ అంకెని డబ్బా మూతమీద రాసి అంటించండి. తూకం వారానికి బదులు నెలకోసారి చాలు. 31 మీద ఒకటిన్నర కేజీ పెరిగితే, అంటే 32.5 కనబడితే, అప్పుడే పాత 850కి వెళ్లాలి. ఆ దశలో నెలన్నరలో సర్దుకుంటుంది, 36 దాకా ఆగితే మళ్లీ అర్ధ సంవత్సరం పని.